వంకాయ రంగు చుక్క

"ఇంకోసారి చూడు" అంది అత్తగారు.

"చూశాను అత్తయ్యా. మళ్లీ మళ్లీ చూశాను."

"అయినా చూడు. నీళ్ల చుక్క మాట పట్టుకుని పిల్ల పెళ్లి చెడగొట్టుకుంటామా?"

భోజనాల బల్ల మీద అట్టపెట్టె. పెట్టె పక్కన ఫోను డిస్‌ప్లే. డిస్‌ప్లే మీద కోడలు ఇందాక వేసిన నీళ్ల చుక్క. ఒరిజినల్ గ్లాసు మీద వేస్తే చుక్క ముడుచుకుని గుండ్రంగా నిలబడాలి. ఇది కూర్చోలేక పడుకున్నట్టు, అంచుల దాకా పరుచుకుంది.

కింద దుకాణం, పైన ఇల్లు. దుకాణంలో ఫోన్లు విప్పేదీ బిగించేదీ భర్త. లోపలికి వెళ్లే ప్రతి ముక్కా ముందు కోడలి చేతుల్లోంచి వెళ్లాలి. అది ఒరిజినలో, కాపీయో, వేరే ఫోనులోంచి తీసిన పాతదో ఆమె తేల్చి, దాని పేరు ఫోను యజమాని ముందు పైకి చెబుతుంది. ఆయన "సరే" అన్నాకే జిగురు గొట్టం మూత తీస్తారు. వచ్చేవాళ్లు ఆమెను మేడమ్ అంటారు. అత్తగారు పెట్టిన పేరు భూతద్దం.

పెట్టె నిన్న వచ్చింది. పంపింది ఫోను విడిభాగాల హోల్‌సేల్ డీలరు. ఆయన కొడుక్కీ, ఈ ఇంటి ఆడపిల్లకీ పెళ్లి మాట అనుకున్నారు. తేదీ ఖాయం చేసుకోవడానికి తండ్రీ కొడుకులు ఈ సాయంత్రం వస్తున్నారు. కొత్త బంధువులకు కానుకగా డీలరు తన గోడౌన్‌లోంచి స్వయంగా ఏరి పంపిన డిస్‌ప్లేలు అవి. పెట్టె మీద ఆయన చేతిరాతే: ఒరిజినల్.

"ఆయన ఎలాంటి మనిషో నీకు తెలీదు" అంది అత్తగారు. "ఎవడో గ్లాసు మార్చిన డిస్‌ప్లే తెచ్చి అమ్మజూపితే, దాన్ని వీధిలోకి విసిరాడట. వెనకాలే ఆ మనిషిని కూడా విసిరేవాడే, నలుగురూ పట్టుకున్నారు కాబట్టి సరిపోయింది."

"నేను ఆయన్ని మోసగాడు అనట్లేదు కదా. ఆయన్నే ఎవరో మోసం చేసి ఉండొచ్చు."

"అది ఇంకా పెద్ద మాట. ఆ వ్యాపారంలో ఉన్నవాణ్ణి 'మోసం చేశావు' అంటే పోట్లాడి ఊరుకుంటాడు. 'మోసపోయావు' అంటే జన్మలో మొహం చూడడు."

ఆ సంగతి కోడలికీ తెలుసు. అందులో అబద్ధం లేదు.

భర్త కుర్చీలో కూర్చుని చార్జరు ఒకటి విప్పుతున్నాడు. అది పాడైన చార్జరు కాదు. తల్లికీ భార్యకీ మాట పెరిగినప్పుడల్లా అతను ఏదో ఒకటి విప్పుతాడు.

"నువ్వేమంటావురా?" అంది తల్లి.

"నువ్వు చెప్పేదీ నిజమే. తను చెప్పేదీ నిజమే."

"మరి అబద్ధం ఎవరిది?"

"నీళ్లది" అన్నాడు అతను, స్క్రూ మీంచి కళ్లెత్తకుండా.

వంటింటి గుమ్మంలో ఆడపడుచు కప్పులు తుడుస్తూ నిలబడి ఉంది. ఇంట్లో ఆ పిల్లను రేడియో అంటారు. పొద్దున లేచిన దగ్గర్నుంచి ఎవరో ఒకరికి ఏదో ఒకటి చెబుతూనే ఉండాలి. ఈ గొడవ మొదలయ్యాక మాత్రం నోరు విప్పలేదు. తుడిచిన కప్పునే మళ్లీ తుడుస్తోంది.

కోడలు డిస్‌ప్లే చేతిలోకి తీసుకుని చుక్కను కొంగుతో అద్దింది. అంచుల్లో ఏమైనా తేడా కనిపిస్తుందేమోనని కళ్ల దగ్గరికి తెచ్చుకుంది. తెచ్చుకుని ఆగిపోయింది. ఒకసారి వాసన చూసింది. మళ్లీ చూసింది.

"అత్తయ్యా, దీనికి నిమ్మకాయ వాసన ఎందుకొస్తోంది?"

"తుడిచాను కదా."

"దేంతో?"

"గిన్నెల సబ్బుతో." అత్తగారి గొంతులో దాపరికం లేదు. "పెట్టె తెరిచి చూస్తే ఒక్కోదాని మీదా పలచటి ప్లాస్టిక్ కాగితం అంటించి ఉంది. దాని కింద దుమ్మున్నట్టు అనిపించి పీకేశా. ఎన్ని చేతులు మారి వచ్చాయో ఏమో అని తడిగుడ్డకి ఇంత సబ్బు రాసి శుభ్రంగా తుడిచా. వియ్యంకుడిగారు పంపిన వస్తువు కదా, అలాగే వదిలేస్తామా?"

"అన్నీ తుడిచారా?"

"ఒకటి తుడిచి ఒకటి వదిలేస్తానా? నాకు పక్షపాతం లేదు."

భర్త స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాడు. ఆ కాగితం పీకాక ఏ డీలరూ సరుకు వెనక్కి తీసుకోడు. వ్యాపారంలో అది మొదటి పాఠం. ఆ పాఠం పైఅంతస్తు దాకా ఎప్పుడూ రాలేదు.

కోడలు కుర్చీ లాక్కుని కూర్చుంది. నవ్వొస్తోంది, నవ్వితే బాగుండదు. సబ్బు పొర మీద నీళ్లు నిలబడవు. ఒరిజినల్ గ్లాసైనా సరే, పరుచుకుంటాయి. చుక్క వేసేముందు గ్లాసును స్పిరిటుతో తుడవాలి. బయటి సరుకైతే తుడిచే వేసేది. ఇది కొత్తగా మెరుస్తోందని, చుట్టాల పెట్టె అని తుడవలేదు.

"తప్పు నాదే" అంది. "ఆ చుక్క చెల్లదు."

"అంటే ఒరిజినలే."

"అంటే ఇంకా తెలీదు."

"భూతద్దం మాట వెనక్కి తీసుకుంది, విన్నావుగా" అని కొడుకు వైపు తిరిగింది అత్తగారు. ముఖం వెలిగిపోయింది. "అసలు నేను తుడిచినంత శుభ్రంగా కంపెనీవాళ్లు కూడా తుడవరు. వెనకవైపు కూడా పొడిగుడ్డ పెట్టా. ఆ మచ్చలు మాత్రం పోలేదు."

"ఏ మచ్చలు?"

"వెనక ఆ పట్టీ ఉంటుందే, దాని మడత కింద. వంకాయ రంగు చుక్క. అన్నిటికీ ఉంది. గోటితో గీకినా రాలేదు. కంపెనీ గుర్తేమో."

వంటింట్లో చెంచా నేల మీద పడింది.

కోడలు డిస్‌ప్లే తిప్పలేదు. తిప్పకుండానే బొటనవేలు వెనక్కి పోనిచ్చి, రిబ్బన్ కేబుల్ మడత కింద తడిమింది. ఆవగింజంత ఉబ్బు తగిలింది.

ఆ గుర్తు కంపెనీది కాదు. ఆమె పెట్టిన పద్ధతి. రిపేరుకు వచ్చిన ఫోనులోంచి తీసిన ప్రతి ముక్క మీదా, కనపడని చోట గోళ్ల రంగు చుక్క పెట్టి పాతవాటి డబ్బాలో పడేయాలి. పొరపాటున మళ్లీ ఎవరి ఫోనులోకీ పోకుండా. మొదట్లో తన ఎర్ర రంగు వాడేది. సీసా అయిపోయాక ఆడపడుచు తన వంకాయ రంగు సీసా ఇచ్చింది. చుక్కలు పెట్టే పనీ, డబ్బా నిండాక పాతసామాను కొనేచోట ఇచ్చివచ్చే పనీ అప్పట్నుంచి ఆ పిల్లవే.

"చీకట్లో చూడాలి" అంది కోడలు, లేస్తూ. "దుప్పటి కావాలి. నువ్వు కూడా రా, నేను ఇది పట్టుకుంటే నువ్వు ఫోను పట్టుకోవాలి."

"నేనా వదినా? కప్పులు..."

"కప్పులు చాలా తుడిచావు. రా."

*

మంచం మీద ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని తలల మీంచి దుప్పటి కప్పుకున్నారు. గడపలో అత్తగారు కాపలా. దుకాణంలో పరీక్ష కోసం ఉంచిన ఫోనుకు డిస్‌ప్లే రిబ్బన్ తగిలించి, కోడలు తెర మీద నలుపు పెట్టింది.

ఒరిజినల్‌లో నలుపంటే దీపం ఆర్పేయడం. కాపీలో నలుపంటే వెలుగుతున్న దీపం మీద గుడ్డ కప్పడం, అంచుల్లోంచి బూడిద రంగు కారుతూనే ఉంటుంది. దుప్పటి కింద ఏమీ కారలేదు. డిస్‌ప్లే ఎక్కడుందో కూడా కనిపించలేదు.

"నలుపు బాగుంది" అంది కోడలు గొంతు తగ్గించి. "ఇది మన డబ్బాలోది కదూ?"

చీకట్లో మంచం కిర్రుమంది.

"నిన్నే."

"తెల్లది పెట్టు వదినా. చీకటిగా ఉంది."

"చెప్పాక పెడతా."

"ఎవరికి జ్వరం?" బయట భర్త గొంతు.

"ఎవరికీ లేదు. నలుపు చూస్తున్నారు" అంది అత్తగారు.

"మనదే" అంది ఆడపడుచు.

కోడలు తెల్లతెర పెట్టింది. దుప్పటంతా వెలుగు నిండింది. ఎదురుగా ఆడపడుచు ముఖం, కన్నీళ్లకూ నవ్వుకూ మధ్య ఎక్కడో ఆగి ఉంది.

"డీలరుగారి అబ్బాయీ నేనూ పాతసామాను దగ్గరే కలిశాం. డబ్బా ఇవ్వబోతుంటే ఆయన పక్కనే ఉన్నాడు. ఒక డిస్‌ప్లే తీసి చూసి, దీనికి గ్లాసే కదా పగిలింది, లోపల బతికే ఉంది, ఎందుకు పారేస్తున్నారు అన్నాడు."

"నీతో అన్న మొదటి మాట అదా?"

"అదే."

"పాపం, ఎంత ప్రేమగా అన్నాడో."

"నిజంగా ప్రేమగానే అన్నాడు వదినా. డిస్‌ప్లే మీద."

కోడలు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. దుప్పటి కదిలింది.

మిగతాది రేడియో ధోరణిలో వచ్చింది. ఆ రోజు నుంచి గ్లాసు మాత్రమే పగిలిన డిస్‌ప్లేలను డబ్బాలోంచి ఏరి అతనికే ఇచ్చింది. అతను స్నేహితుడి గదిలో వేడి పలక మీద పెట్టి, సన్నటి తీగతో పాత గ్లాసు కోసి, కొత్తది అతికించేవాడు. మొదట్లో చాలా పాడుచేశాడు. బుడగలు వచ్చేవి. తర్వాత చేయి కుదిరింది. గోడౌన్‌లో పై అరలో విడిగా పెట్టి, పెట్టె మీద గ్లాసు మార్చినవి అని రాసేవాడు. ఎప్పటికైనా సొంతంగా అదే పేరుతో, చెప్పి అమ్మాలని. మచ్చుకు బజార్లో రెండుమూడు దుకాణాలకు ఇచ్చాడు. తండ్రికి చెప్పే ధైర్యం మాత్రం రాలేదు.

"మరి అవి ఇక్కడికెలా వచ్చాయి?"

"మావయ్యగారు కానుక అని అన్నిట్లోకీ బాగున్నవి ఏరి ఉంటారు. అవే బాగున్నాయి. లేబుల్ చూసి ఉండరు. కాగితాలు అంటించి ఉన్నాయి కదా, కొత్తవే అనుకుని కొత్త పెట్టెలో సర్దేసి ఉంటారు."

"ఆ అబ్బాయికి తెలుసా?"

"ఏదో కానుక పంపారని తెలుసు. ఇవని తెలీదు. నేను నిన్న పెట్టె తెరవగానే చూశా. నేను పెట్టిన చుక్క నాకు తెలీదా?"

"మరి నాకు చెప్పలేదేం?"

"నువ్వు చూడవేమోనని."

"నేనా?"

"పెళ్లి కుదిరిన పిల్లని వదినా. ఆశ ఉంటుంది కదా."

కోడలు వేలితో తెర మీద ఒక బొమ్మను పట్టుకుని మూల నుంచి మూలకు లాగింది. టచ్ ఎక్కడా వదల్లేదు. తిప్పి, ఫ్రేము అంచును తెల్లవెలుగులో పరిశీలించింది. కంపెనీ జిగురు కాదు, ఇంకోటి. కానీ ఎక్కడా పొంగలేదు, బుడగ లేదు. మంచి చేయి అనుకుంది. వద్దనుకున్నా ఆ మాటే వచ్చింది.

"వదినా, ఒరిజినల్ అని చెప్పెయ్. లోపల ఒరిజినలే కదా."

"పైన?"

"సగం నిజమే కదా."

"సగం నిజం చెప్పే దుకాణాలు మన వీధిలోనే ఉన్నాయి. వాళ్లను దాటుకుని జనం మన మెట్ల దాకా ఎందుకొస్తున్నారు? మీ అన్నయ్య అందం చూడ్డానికా?"

ఆడపడుచు దుప్పటి అంచు వేలికి చుట్టుకుంది.

"నిజం చెబితే ఆయన లేచి వెళ్లిపోతాడు" అంది చివరికి. "కొడుకును ఇంట్లోంచి పంపేస్తాడు. పెళ్లి మాట మళ్లీ ఎవరూ ఎత్తరు. అంతా నువ్వు చెప్పే ఒక్క మాటతో."

కోడలు తెర ఆర్పేసింది. మళ్లీ నలుపు. ఈసారి పరీక్ష కోసం కాదు.

"ఇంకా ఎంతసేపు?" అంది అత్తగారు గడపలోంచి. "నలుపు చూడ్డానికి ఇంతసేపా? నాకైతే కళ్లు మూసుకున్నా కనిపిస్తుంది."

అప్పుడే కింద కాలింగ్ బెల్ మోగింది.

*

డీలరు మెట్లెక్కుతూనే మాట మొదలుపెట్టాడు. "చెల్లెమ్మా, అనుకున్నదానికంటే ముందే వచ్చేశాం, ఏమీ అనుకోకండి. మావాడు పొద్దున్నే తలదువ్వుకుని కూర్చున్నాడు, చూడలేక తీసుకొచ్చేశా."

"అన్నయ్యగారూ, మీ ఇల్లు అనుకోండి" అంది అత్తగారు.

కొడుకు వెనకాల వచ్చాడు. కుర్చీ అంచున కూర్చున్నాడు. బల్ల మీద పెట్టె చూశాడు. పెట్టె పక్కన, కాగితం లేని డిస్‌ప్లే బోర్లా పడి ఉంది. వంకాయ రంగు చుక్క పైకి కనిపిస్తోంది. అతను టీ ఒక గుటక తాగి దగ్గాడు. ఆ దగ్గు చాలాసేపు ఆగలేదు. భర్త వెళ్లి వీపు మీద తట్టాడు.

"టీ వేడిగా ఉందా బాబూ?" అంది అత్తగారు.

"లేదండీ. బాగుందండీ."

డీలరు జేబులోంచి తన ఫోను తీసి కోడలి ముందు పెట్టాడు. గ్లాసు మూల నుంచి మూలకు పగిలింది. "లారీ దిగుతుంటే జారింది. మా గోడౌన్‌లో ఎవరైనా వేస్తారు. కానీ ఎవ్వరినీ ముట్టుకోనివ్వలేదు. మా పెట్టెలోది, మీ చేత్తో వేయాలి. తేదీ మాట ఆ తర్వాతే మాట్లాడుకుందాం. ఏమంటావు కోడలమ్మా?"

అత్తగారు కోడలి వైపు చూసి తల ఆడించింది. ఆడపడుచు బిస్కెట్ల ట్రే పట్టుకుని, ఎవరికీ ఇవ్వకుండా నిలబడి ఉంది.

భర్త ఫోను విప్పాడు. విప్పడంలో అతనికి పోటీ లేదు. పగిలిన డిస్‌ప్లే బయటికి తీసి, కొత్తది అందించమన్నట్టు భార్య వైపు చేయి చాపాడు.

ఆమె అందించలేదు. స్పిరిటు అద్దిన గుడ్డతో డిస్‌ప్లే తుడిచింది. ఆరనిచ్చింది. నీళ్ల చుక్క వేసింది. చుక్క నిలబడింది, కానీ పూర్తిగా గుండ్రంగా కాదు.

"మీ పద్ధతి విన్నాను" అన్నాడు డీలరు, కుర్చీలో ముందుకు జరిగి. "పేరు చెప్పి వేస్తారట. చెప్పమ్మా మరి. నా ముందు చెబితే నాకూ ముచ్చట."

"మా దగ్గర మూడు పేర్లే ఉన్నాయి మావయ్యగారూ. ఒరిజినల్, కాపీ, పాతది. ఇది మూడింట్లోనూ పట్టట్లేదు."

అత్తగారు కప్పు కింద పెట్టేసింది. "సబ్బు వల్ల అన్నయ్యగారూ" అంది. "నేనే తుడిచాను."

"సబ్బు కాదు అత్తయ్యా." కోడలు డిస్‌ప్లేను రెండు చేతులతో ఆయనకు అందించింది. "లోపల ఒరిజినల్. గ్లాసు పగిలాక ఎవరో మార్చారు. అంచు చూడండి. నేను ఇన్నాళ్లుగా చూసినవాటిలో ఇంత శుభ్రంగా అతికినది లేదు. నా ఫోనుకైతే వేసుకుంటాను. ఒరిజినల్ అని మాత్రం చెప్పను."

భర్త స్క్రూడ్రైవర్ కోసం తడిమాడు. అది చేతిలోనే ఉంది.

డీలరు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, డిస్‌ప్లేను కిటికీ వైపు ఎత్తాడు. అంచు వెంబడి వేలు నడిపాడు. ఒక వైపు, రెండో వైపు, మూడో వైపు. మూలల దగ్గర ఆగాడు. మూలల్లోనే బుడగలు మిగులుతాయి. మిగల్లేదు.

"నా పెట్టెలో" అన్నాడు మెల్లగా. "నా చేత్తో ఏరి."

కొడుకు లేచి నిలబడ్డాడు.

"ఇలాంటి చేయి ఊళ్లో ఒక్కటే ఉంటుంది" అన్నాడు డీలరు, గ్లాసు మీంచి చూపు తిప్పకుండా. "బజార్లో రెండుమూడు చోట్ల చూశా. ఎవడా అని చాలా రోజులుగా వెతుకుతున్నా."

ఎందుకు వెతుకుతున్నాడో ఆయన ముఖం చూసి చెప్పడం ఎవరి వల్లా కాలేదు.

ఆడపడుచు ట్రే బల్ల మీద పెట్టింది. "ఇంక వెతకక్కర్లేదు మావయ్యగారూ" అంది. "పని మీ అబ్బాయిది. సామాను నాది."

రేడియో అంతటితో ఆగింది. అత్తగారు కూతుర్ని చూసింది, కోడల్ని చూసింది, చివరికి సబ్బు వాసన వేస్తున్న తన చేతుల్ని చూసుకుంది.

డీలరు డిస్‌ప్లే తిప్పాడు. కేబుల్ మడత పైకి లేపి, వంకాయ రంగు చుక్కను కళ్ల దగ్గరికి తెచ్చుకున్నాడు. తర్వాత ట్రే పక్కన ఆనించి ఉన్న ఆ పిల్ల చేతి గోళ్ల వైపు చూశాడు. అదే రంగు.

కోడలు జిగురు గొట్టం చేతిలోకి తీసుకుంది. మూత మీద వేలు పెట్టింది కానీ తీయలేదు.

"మీరు చెప్పాలి మావయ్యగారూ" అంది. "సరే అంటేనే వేస్తాం."